చెంగి చదివిన ఊట

అనగనగా ఒక అడవిలో, నేరేడు చెట్ల మధ్య, పిల్ల జంతువుల కోసం ఒక బడి ఉండేది. కొంగగారు పంతులు. బడి నిండా పిల్లలే. పాపం, కొంగగారికి ఉన్నది ఒక్కటే ముక్కు. ఎంతమంది చేత చదివిస్తారు చెప్పండి?

ఆ బడిలో చెంగి అనే కుందేలు పిల్ల చదివేది. పరుగులో చెంగిని మించినవాళ్ళు లేరు. చదువులోనూ దానిది పరుగే. మాటలో మొదటి అక్షరం చూసేది, మిగతాది ఊహించి చెప్పేసేది. 'పలక' అని ఉంటే 'పనస' అనేది. 'మడుగు' అని ఉంటే 'మనవడు' అనేది.

అందరూ నవ్వుతారని చెంగికి లోపల భయం. అందుకే కొంగగారు చదవమంటే ఒకసారి గొంతు నొప్పి అంది. ఇంకోసారి కంట్లో నలుసు పడిందంది. మూడోసారి ఏ వంకా దొరక్క, "ఈ పుస్తకం నాతో మాట్లాడటం లేదండీ" అంది.

బడి వదిలాక అడవిదున్న నీలవ్వ, వెనకబడిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించేది.

"నువ్వూ రావే చెంగీ" అని పిలిచింది.

"నాకన్నీ వచ్చవ్వా" అని చెంగి తుర్రుమంది.

ఎండాకాలం వచ్చింది. వాగు ఎండిపోయింది. ఒకరోజు చెంగి, పొడలు అనే జింకపిల్ల నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళారు. పొడలు ఇంకా బడిలో చేరని బుడతడు. ఒకచోట తడినేల పక్కన చెక్కమీద ఏదో రాసి ఉంది.

"ఏం రాశారక్కా?" అని పొడలు అడిగాడు.

చెంగికి 'ఊ' కనబడింది. ఇంకేం కావాలి?

"ఊట అని రాశారు. వెళ్ళి తాగు" అంది.

అక్కడ రాసి ఉన్నది 'ఊబి'.

పొడలు నాలుగడుగులు వేశాడో లేదో, కాళ్ళు దిగబడ్డాయి. "అక్కా, నేల నన్ను లాగేస్తోంది" అని ఏడ్చాడు.

చెంగి ఒక్క ఉరుకున వెళ్ళి నీలవ్వను తీసుకొచ్చింది. అవ్వ ఒక గట్టి తీగ తెంపి కొస విసిరింది. పొడలు దాన్ని కరిచి పట్టుకున్నాడు. అవ్వ రెండో కొస కరిచి వెనక్కి లాగింది. మెల్లగా పొడలు గట్టెక్కాడు.

"చెక్కమీద రాసింది చూడలేదా?" అని అవ్వ అడిగింది.

అక్షరాలు చెరిగిపోయాయని చెబుదామనుకుంది చెంగి. ఇంతలో బురదతో వణికిపోతున్న పొడలు కంటపడ్డాడు. అబద్ధం నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"నాకు చదవడం రాదవ్వా" అంది.

"ఈ మాట చెప్పడానికి ఇన్నాళ్ళా? రేపు బడి వదలగానే రా" అంది నీలవ్వ.

మర్నాడు చెంగి వెళ్ళింది.

"నేను మేసింది మింగి ఊరుకోను, నెమరేస్తాను. నువ్వూ మాటను మింగెయ్యకు, నములు" అంది అవ్వ.

చెంగి ఒక్కో అక్షరమే నమిలింది. గుణింతాల దగ్గర మూతి ముడిచింది. ఒత్తుల దగ్గర నాలుక తడబడింది. తప్పు చదివితే అవ్వ "మళ్ళీ" అనేది. బాగా చదివినా "మళ్ళీ" అనేది. ఆ రెంటిలో మెచ్చుకోలు ఏదో చెంగికి చాలాకాలం తెలియలేదు.

వానలు పడ్డాయి. కొంగగారు కొత్త పాఠం తీసి చెంగిని లేపారు. ఈసారి ఏ వంక చెబుతుందోనని పిల్లలంతా చెవులు నిక్కించారు. చెంగి నిదానంగా చదవసాగింది. 'నక్షత్రం' దగ్గర ఆగిపోయింది. వెనక నుంచి కోతిపిల్ల తింగి కిసుక్కున నవ్వింది.

చెంగి చెవులు వాలిపోయాయి. అయినా ఊహించి చెప్పలేదు. "న... క్ష... త్రం" అని నమిలి, "నక్షత్రం" అంది. పాఠం చివరి దాకా చదివే కూర్చుంది.

ఆ సాయంత్రం నీలవ్వ దగ్గరికి తింగి కూడా వచ్చింది.

"నేనేం చదువుకోవడానికి రాలేదు. ఊరికే చెంగికి తోడొచ్చాను" అంది, ఎవరూ అడగకుండానే.

"అలాగే" అంది నీలవ్వ, నెమరేస్తూ.

చెంగి కాస్త జరిగి చోటిచ్చి, పుస్తకాన్ని ఇద్దరి మధ్యకు తోసింది.

నీతి: రాదని చెప్పడానికి సిగ్గుపడితే ఎప్పటికీ రాదు, అడిగి నిదానంగా నేర్చుకుంటే రాని చదువంటూ లేదు.