లేహ్యమా, పథ్యమా?

రాజవైద్యుడు నీలకంఠశాస్త్రి కడుపునొప్పికి కొత్త లేహ్యం చేశాడు. అది తిన్నన్నాళ్లూ మజ్జిగన్నం తప్ప మరేదీ ముట్టకూడదని పథ్యం పెట్టాడు. నొప్పి తగ్గినవాళ్లు లేహ్యాన్ని పొగిడారు. తగ్గనివాళ్లకు పథ్యం తప్పారని కొరడా దెబ్బలు పడ్డాయి. ఇక ఇంటింటా ఈ లేహ్యం తినాల్సిందేనని చాటింపు వేయించబోతూ, రాజు చివరి సాక్షిగా ఉప్పు అమ్ముకునే గవరయ్యను పిలిపించాడు.

"నొప్పి తగ్గిందా?"

"పూర్తిగా తగ్గింది మహారాజా."

శాస్త్రి సభంతా గర్వంగా కలయజూశాడు.

"కాకపోతే, రెండూ నేనే తింటే ఏది తగ్గించిందో తెలియదు కదా అని, నేనూ నా గాడిదా పంచుకున్నాం. పథ్యం నేను చేశాను. లేహ్యం అది తింది."

"మరి గాడిదకేమైంది?" అన్నాడు రాజు.

"అంతకుముందు బస్తాలు మోసేది. ఇప్పుడు గడ్డి కూడా ముట్టకుండా పడి మూలుగుతోంది ప్రభూ."

శాస్త్రి మండిపడ్డాడు. "అది పథ్యం చెయ్యలేదు! అందుకే!"

"నేనూ అదే అంటున్నానండి," అన్నాడు గవరయ్య. "పథ్యం చేస్తే మీ లేహ్యం అక్కర్లేదు. చెయ్యకపోతే మీ లేహ్యం పనికిరాదు."

రాజు చాటింపు ఆపించి, గాడిదను బాగుచెయ్యమని వైద్యుణ్ణి గవరయ్య వెంట పంపుతూ అన్నాడు:

"ఆ గాడిద మళ్లీ గడ్డి మేసేదాకా మీకూ మజ్జిగన్నమే శాస్త్రిగారూ!"