పాచి పట్టని పళ్ళు

రాజవైద్యుడు మూలికల కషాయం కాచి, కరువు పడిన ఊళ్ళో ఇరవైమంది కూలీల చేత నెల రోజులు పుక్కిలింపించాడు. రాజు వచ్చి చూస్తే ఒక్క పంటికీ పాచి లేదు.

"నేనూ రోజూ దీన్నే పుక్కిలిస్తాను ప్రభూ," అన్నాడు వైద్యుడు.

రాజు మెచ్చి, వానకోసం దున్ని ఉంచిన ఆ ఊరి జొన్నచేలను మూలికల తోటకి రాసివ్వబోయాడు.

"దొరా, కషాయం ముట్టని మావాళ్ళ నోళ్ళూ చూడండి," అంది గంపలల్లే నూకాలు.

చూశారు. అవీ అంతే శుభ్రంగా ఉన్నాయి.

"ఇదెలాగే?" అన్నాడు రాజు.

"పాచి పట్టాలంటే పంటికి మెతుకు తగలాలి కదయ్యా. నమ్మకపోతే, రెండుపూటలా తిని పుక్కిలించే వైద్యులవారిని నోరు తెరవమనండి."

వైద్యుడు పెదవులు బిగించాడు.

చేలు ఊరివాళ్ళకే మిగిలాయి. మెతుకు మాట మాత్రం అడగకుండానే రాజు పల్లకీ ఎక్కాడు.