తుంపర దాచిన చెవి

అనగనగా, పిల్లలారా, చుట్టును నీరే గాని నేల కనబడని ఒక జమ్ము అడవి యుండెను. ఆ జమ్ము మనిషి తల దాటి పెరిగి, అందులో దిగినవారికి ఆకాశము తప్ప మరేమియు కనబడనిచ్చెడిది కాదు. దాని నడుమ ఒక మిట్టమీద పోలయ్య, సింగమ్మ అను దంపతులు గుడారము వేసికొని ఆరువందల బాతులను మేపుచుండిరి. ఆ జమ్ము నడుమ అక్కడక్కడ కోసిన వరిచేలలో రాలిన గింజలే ఆ బాతులకు ఆహారము. ఒక చేనిలో గింజ అయిపోగానే మందను కాలువ దాటించి మరియొక చేనికి తోలుకొని పోవలెను. అదే వారి బ్రతుకు.

వారికి తుంపర అను కుక్క యుండెను. అది నీటికుక్కల జాతిది. దాని ఉంగరాల జుట్టు రెండు పొరలుగా దట్టముగా నుండుటచే ఎంతసేపు ఈదినను ఒంటికి తడి అంటెడిది కాదు. కాలివ్రేళ్ల నడుమ బాతునకు వలెనే పలుచని తోలుండెను. తోకను చుక్కానివలె త్రిప్పుచు ఎదురునీటిలో సైతము ఈదెడిది. కాని ఒక్క నిమిషము ఒక్కచోట నిలిచెడిది కాదు. పరుగు, దుముకుట, ఈదుట, మరల పరుగు. పని లేని దినమున పోలయ్య చెప్పులు నమిలెడిది. చెప్పులు దొరకనిచో గుడారపు త్రాళ్లు నమిలెడిది.

ప్రతి సాయంకాలము సింగమ్మ దానిని ఒడిలో అదిమి పట్టుకొని, పొడిగుడ్డతో చెవులు తుడిచి, చిక్కుపడిన జుట్టు దువ్వెడిది.

"కదలకురా దయ్యమా. నీవి వ్రేలాడు చెవులు. లోపల తడి నిలిచినచో గాలి తగులక పుండు పడును" అని చెప్పెడిది.

తుంపరకు ఆ కొంతసేపు కూర్చుండుటయే మహాశిక్షగా తోచెడిది. ఒకనాడు జమ్ములో ఏదో కదలినదని నెపము పెట్టి సింగమ్మ ఒడినుండి దుమికి పోయెను. మరునాడు ఆమె పిలిచినను వినబడనట్లు నీటిలోనే తిరిగెను. మూడవనాడు బోర్లించిన దోనె క్రింద దాగెను. నాల్గవనాటికి దాని ఎడమచెవి దురద పెట్టెను. ఆ దురద రెండు దినములలో పోటుగా మారెను.

గుడారము వద్ద కట్టియున్న మేక అది చూచి నవ్వెను.

"ఏమిరా తుంపరా, పెండ్లిపీటలమీద పిల్లవలె తల వంచుకొని నడచుచున్నావు. ఎవరిని చూచి సిగ్గు?"

"నీ గడ్డి నీవు తినుము" అని తుంపర విసుగుకొనెను.

మందలో పెద్దది చుక్కమ్మ అను బాతు. అది తుంపర దగ్గరకు వచ్చి మెడ చాచి వాసన చూచెను.

"అబ్బాయీ, నీ చెవి కుళ్లుచున్నది. సింగమ్మకు చూపుము."

"చూపినచో కట్టివేయును అత్తా. నిరుడు కాలికి గాయమైనప్పుడు పది దినములు నన్ను నీటిలో దిగనీయలేదు. గుంజ చుట్టు తిరిగి తిరిగి అచ్చట గడ్డి మొలవకుండ చేసితిని. పైగా ఎల్లుండి కాలువ దాటింపు. నేను లేక మిమ్ము నెవరు దాటింతురు?"

"నాలుగు దినములు ఆగినచో మాకేమి నష్టము? ఇంకను గింజ యున్నది."

"నాలుగు దినములు నీరు లేక నేను బ్రతుకజాలను."

"నీ బ్రతుకు సరే. నీ వెంట నీటిలో దిగు మా బ్రతుకుల సంగతి?"

తుంపర వెనుదిరిగి నీటిలోనికి దుమికెను.

దాటింపు నాటి ఉదయము మంచు దట్టముగా కురిసెను. పోలయ్య దోనెలో ముందుగా ఆవలి గట్టు చేరి "బా... బా..." యని దీర్ఘముగా పిలువసాగెను. ఆ పిలుపు వచ్చు దిక్కునకు మందను వెనుకనుండి తోలుటయే తుంపర పని. ఆ జమ్ములో కన్ను పనికిరాదు. చెవియే దారి చూపవలెను. ఎడమవైపు పోలయ్య నిలిచిన రేవు. కుడివైపు నీటిని సుడులు త్రిప్పుచు మ్రింగు తూము.

తుంపర ఎడమచెవి పూర్తిగా మూసికొనిపోయి యుండెను. పిలుపు కుడిచెవికి మాత్రమే వినబడుటచే, అది కుడివైపునుండియే వచ్చుచున్నదని తోచెను. వెంటనే మందను కుడికి మరలించెను.

"అబ్బాయీ, పిలుపు ఎడమనున్నది" అని ముందున్న చుక్కమ్మ అరచెను.

"నా చెవుల సంగతి నాకు తెలియదా? నడువుము" అని తుంపర పండ్లు చూపెను.

బాతులు నమ్మి నడచినవి. కొంతదూరము పోగానే తుంపర కాళ్లను నీరు లాగెను. తూమువైపు వచ్చితినని అప్పుడు దానికి అర్థమయ్యెను. మందను చీల్చుకొని ముందునకు ఈది, తూమునకు అడ్డముగా నిలిచి బిగ్గరగా మొరిగెను. బాతులు బెదరి వెనుకకు మరలినవి. ముందున్న పండ్రెండు మాత్రము మరలలేకపోయినవి. తుంపర చుక్కమ్మ రెక్కను నోట పట్టి వెనుకకు లాగగలిగెను. తక్కిన పదునొకండును నీరు తీసికొనిపోయెను. చుక్కమ్మ రెక్క విరిగెను.

మొరుగుడు విని పోలయ్య దోనెతో వచ్చి, మిగిలిన మందను వెనుకటి మిట్టకే చేర్చెను. తుంపర ఎవ్వరును పిలువకయే సింగమ్మ ముందునకు పోయి, నొచ్చుచున్న చెవిని ఆమె కాళ్లమీద మోపి పడియుండెను. ఆమె చెవి మడత విప్పి చూచి, పొడిగుడ్డతో చీము తుడిచెను. పిమ్మట పశువైద్యునికి చూపి, మందు వేసి, తుంపరను గుంజకు కట్టెను. ఉదయ సాయంకాలములందు పోలయ్య దానిని గట్టుమీద అలసిపోవువరకు పరుగెత్తించెడివాడు. అయినను కాలువ గలగల వినబడినప్పుడెల్ల అది త్రాడును తెంపునట్లు లాగెడిది. బాతులు దానికి దూరముగా తొలగి పోవుచుండెడివి.

పదవనాటికి చేనిలో గింజ పూర్తిగా అయిపోయెను. చెవి ఎండినట్లు కనబడుటచే పోలయ్య త్రాడు విప్పి, ఆవలి గట్టునకు పోవుటకై దోనె ఎక్కబోయెను. బాతులు ఈవలి రేవున నిలిచినవి. వాటి ముందు కట్టు కట్టిన రెక్కతో చుక్కమ్మ యుండెను. తుంపర నీటి అంచువరకు పరుగెత్తెను. ముందుకాళ్లు తడిసినవి. ఒళ్లంతయు ఆనందముతో కంపించెను. అంతలో జమ్ము చాటున ఎచ్చటనో మేక అరచెను. ఆ అరుపు ఏ వైపునుండి వచ్చెనో దానికి తెలియలేదు.

తుంపర నీటిలోనుండి కాళ్లు వెనుకకు తీసికొనెను.

"అత్తా, నేడు వద్దు. నాకింకను సగమే వినబడుచున్నది."

చెప్పి గట్టుమీద కూర్చుండెను. తనంత తానుగా కదలకుండ కూర్చుండుట దానికి అదియే మొదటిసారి.

"మాకు ఆకలిగా నున్నది" అని ఒక పిల్లబాతు గొణిగెను.

"నేటికి నత్తలు ఏరుకొని తిందము" అని చుక్కమ్మ నడచివచ్చి తుంపర ప్రక్కనే కూర్చుండెను. దాని వెనుక మంద యంతయు వచ్చి కూర్చుండెను. పోలయ్య దోనెలోనుండి ఎంత పిలిచినను, తుంపర లేచువరకు ఒక్క బాతైనను లేవలేదు.

నీతి: తన్ను నమ్మి నడచువారు గలవాడు తన నొప్పిని దాచరాదు, దాచిన నొప్పి వారి ప్రాణములకు ముప్పు తెచ్చును.