రోజుకో దారి చూపిన నక్క

ఏటిగట్టు దగ్గర ఒక దొడ్డి. అందులో ఒక గేదె, దాని దూడ సింగారి, ఒక ముసలి ఎద్దు, ఎక్కడపడితే అక్కడ అడ్డంగా నిలబడే ఒక గాడిద. సింగారికి పుట్టుకతోనే చూపు లేదు. రోజూ దాన్ని ఏటికి తీసుకెళ్లి నీళ్లు తాగించే పని పక్క పొదల్లో ఉండే ఒక నక్కది. అందుకు గేదె ముంతెడు పాలిచ్చేది. తనంత దయగలవాళ్లు లోకంలో లేరన్నట్టు మొహం పెట్టుకుని నక్క ఆ పాలు తాగేది.

ఎండాకాలం వస్తోంది. గేదె ఇక కొండ అవతల మేతకు పోవాలి, సాయంత్రం దాకా రాదు. పిల్ల తనంతట తాను ఏటికి పోలేకపోతే ఎలాగని దానికి బెంగ. దారి నేర్పమని అడిగితే, ఇది నేర్చుకునే రకం కాదు, నేను లేకపోతే దాహంతో పోతుంది అంది నక్క. గేదె నమ్మేసింది. పాపం, అది కూడా పిల్లను ఒక్క అడుగు సొంతంగా వేయనిచ్చింది కాదు.

ఎద్దు మాత్రం నమ్మలేదు. "రేపట్నుంచి నువ్వూ కళ్లు మూసుకుని వాళ్ల వెనకాల నడువమ్మా" అంది గేదెతో.

కళ్లు మూసుకున్నది ఏం కనిపెడుతుందిలే అని నక్క ఎప్పటిలాగే దూడను తిప్పింది. గేదె రెండుసార్లు రాయి తన్నుకుంది, ఒకసారి గాడిదను గుద్దుకుంది. మూడో రోజు ఏటి దగ్గర కళ్లు తెరిచి నక్కను నిలదీసింది.

"మొన్న కాళ్లకింద ఇసుక. నిన్న గడ్డి. ఇవాళ గులకరాళ్లు. రోజుకో దారిన తిప్పితే నా పిల్లకు ఎలా వస్తుంది?"

గాలిమార్పు కోసమని నక్క నసిగింది. గేదె పాలముంత లోపల పెట్టేసింది.

మర్నాటినుంచి ఎద్దు అందరికీ పాఠం మొదలుపెట్టింది. గేదె ఒకే దారిన నడిపించాలి, రోజూ ఇంకో నాలుగడుగులు వెనకబడాలి. గాడిద దారికి అడ్డు నిలవకూడదు, ఎదురైతే పలకరించాలి. అన్నిటికన్నా వెనకబడటమే గేదెకు కష్టమైంది. సింగారి తడబడ్డప్పుడల్లా పరుగెత్తబోయేది, ఎద్దు కొమ్ములు అడ్డం పెట్టేది.

పదిహేను రోజులకు గేదె నిశ్చింతగా మేతకు వెళ్లింది. ఇదే అదనని నక్క వచ్చేసరికి సింగారి ఏట్లో మెడదాకా మునిగి హాయిగా ఉంది. నక్క గట్టు మీదున్న ఎద్దు దగ్గరికి పోయింది. తన పని మళ్లీ ఇప్పించమని ఎద్దును బతిమాలింది.

"ఇప్పిస్తా. ముందు నువ్వూ నేర్చుకో. కళ్లు మూసుకుని దొడ్డిదాకా నడు. తెరిచావా, పని లేదు."

నక్క పదడుగులు వేసి బురదలో కూలబడింది. ఎటు పోవాలో తెలియక బిక్కచచ్చి, ఎవరైనా ఉన్నారా అని పిలిచింది.

"నేనున్నా మామా" అంది సింగారి నీళ్లలోంచి లేస్తూ. "నా అడుగుల చప్పుడు వింటూ రా. రేపు కూడా ఇదే దారి."

నీతి: చెయ్యి పట్టుకున్నవాడు దారి కూడా నేర్పితేనే తోడు.