కొర్లయ్య దోనెకి చేసిన సింగారం

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్ళో కొర్లయ్యని ఒక జాలరి. మంచివాడే గానీ చేతులు ఊరుకోవు. అచ్చం మన బుల్లోడిలాగే. నవ్వకురా, నీ గురించే చెప్తున్నా.

కొర్లయ్య పెళ్ళాం దేముడమ్మ పురిటికి పుట్టింటికెళ్ళింది. ఆ పుట్టిల్లేమో ఎదురుగా కనిపించే లంకలో. ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. ఇరవై ఒకటో రోజున బారసాల. బియ్యంలో పేరు రాయడానికి తండ్రి ఉండాలి కదా! అందుకని కొర్లయ్య ఒక్క మనిషి పట్టే సన్నటి దోనె చేయించుకున్నాడు. దీన్నింక ముట్టుకోకు నాయనా అని వడ్రంగి మరీమరీ చెప్పాట్ట.

ముట్టుకోకుండా ఉంటాడా? అత్తారివాళ్ళు చూసి అబ్బో అనాలని వాడి కోరిక. జెండా కర్ర నిలబెట్టడానికి అడుగున ఒక కన్నం. బొమ్మలబుట్ట కట్టడానికి రెండు మేకులు. వీపు ఆనించుకునే చెక్కకి నాలుగు మేకులు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, అసలు పని ఇప్పుడే ఉంది.

బారసాల పొద్దున్న దోనెని నీళ్ళలోకి తోశాడు. జెండా దగ్గర బుడబుడ! గుడ్డ కుక్కాడు. బుట్ట దగ్గర బుడబుడ! గోనె కుక్కాడు. చెక్క దగ్గర బుడబుడబుడ! ఒడ్డుకి లాగి ఏకంగా తారు పోసేశాడు. ఆ తారు ఆరకుండానే మళ్ళీ నీళ్ళలోకి తోసి ఎక్కి కూర్చున్నాడు, వెర్రి నాగన్న! కాసేపటికి మళ్ళీ బుడబుడ! లేచాడు గానీ, పంచె లేవలేదు.

ఊళ్ళో పడవలన్నీ తెల్లారకముందే వేటకెళ్ళిపోయాయి. ఉన్నది ఈ ఒక్కటే. పిల్ల పేరు తను లేకుండానే పెట్టేస్తారని కొర్లయ్య బావురుమన్నాడు. పాపం, ఎంతైనా తండ్రి కదర్రా.

వాళ్ళమ్మ నూకాలమ్మ వచ్చి ముందు పొడిపంచె ఇచ్చింది. లోపల కూర్చుని వెతికితే కన్నాలెలా దొరుకుతాయిరా, దోనెని దుంగల మీదకెత్తి లోపలే నీళ్ళు పొయ్యమంది. పోశాడు. బయట చుక్క కారిన చోటల్లా ఆవిడ బొగ్గుతో గీత పెట్టింది. ఎన్ని గీతలనుకున్నారు? ఏడు! ఏడూ వాడి చేతిచలవే. జెండా పీకించింది, బుట్ట పీకించింది, చెక్కా పీకించింది. నీళ్ళు తోడించి, కన్నాల్లో కొబ్బరిపీచు దట్టించి, పైన నూనెలో కాచిన గుగ్గిలం పూయించింది. అది ఎండకి బిగుసుకునేదాకా కదలడానికి వీల్లేదంది.

మధ్యాహ్నం దాటాక బయల్దేరాడు. తెడ్డు వేశాడు, వేశాడు, చేతులు పీక్కుపోయేదాకా వేశాడు. దోనెలో ఒక్క చుక్క లేదు. పొద్దు వాలుతుండగా లంక చేరి ఇంటికి పరిగెత్తాడు.

అక్కడ పెద్దలంతా వేళ మించిపోతోంది, తాతచేత రాయించేద్దామంటున్నారట. దేముడమ్మ మాత్రం బియ్యం పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆయనొచ్చేదాకా ఇవ్వనంటే ఇవ్వనని కూర్చుంది. కొర్లయ్య రొప్పుతూనే పేరు రాశాడు.

కొత్త దోనె ఎలా ఉందని ఒక్కరూ అడగలేదర్రా! అసలు ఒడ్డుకేసి చూసినవాళ్ళే లేరు. దేముడమ్మ పిల్లని వాడి చేతుల్లో పెట్టి, "ఇడుగోనే, మీ అయ్యొచ్చాడు" అంది. మనవాళ్ళకి మనం వెళ్తే చాలు, సింగారాలెందుకు?

కథ కంచి దారి పట్టింది, ఇక మీరు దుప్పటి దారి పట్టండి.