నాలుగు మూరల ఫోను

అనగనగా అంటే మరీ రాజులనాటి అనగనగా కాదు, మొన్నమొన్నటి అనగనగా. ఒక ఊళ్ళో, బస్టాండు వెనక వీధిలో, నూకరత్నం అని ఒకావిడ ఉండేది. పూలు కట్టి అమ్మేది. పొద్దున్నే బుట్టెడు మల్లెమొగ్గలు ముందేసుకుని అరుగు మీద కూర్చుని, కాలి బొటనవేలికి దారం తగిలించుకుని కట్టడం మొదలుపెట్టిందంటే, ఆ వేళ్ళు కంటికి ఆనేవి కావు.

ఆవిడ మొగుడు పైడిరాజు ఆటో తోలేవాడు. అత్తగారు అప్పలనర్సమ్మకి మోకాళ్ళ నొప్పులు తప్ప ఇంకే లోటూ లేదు. వాళ్ళకి మూడేళ్ళ పిల్ల. పేరు జోషిత.

జోషిత పూలబుట్ట చూస్తే ఊరుకునేది కాదు. మొదట మొగ్గలు విప్పి లోపలేముందో చూసేది. ఆ తర్వాత దారం ఉండ దొర్లించుకుంటూ వీధి చివరిదాకా పోయేది. ఆ తర్వాత బుట్ట తీసి నెత్తిమీద బోర్లించుకునేది. పూలు కట్టేవాళ్ళకి రెండు చేతులూ ఒక కాలూ పనిలోనే ఉంటాయి. పిల్లని పట్టుకోవడానికి మిగిలేది ఒక్క కాలు.

అప్పుడు పైడిరాజు తన పాత ఫోను తెచ్చి పిల్ల చేతిలో పెట్టాడు. అద్దం పగిలింది గానీ బొమ్మలొస్తాయి, పాటలొస్తాయి. పిల్ల కూర్చున్న చోటే కూర్చుంది. నూకరత్నం ఆ పూట ఎన్నడూ లేనంత కట్టింది. హమ్మయ్య అనుకుంది.

కొన్నాళ్ళకి ఎదురింటి మేక వచ్చింది. అరుగెక్కింది. జోషిత జడలో కనకాంబరాలుంటే, వెనకనుంచి ఒక్కొక్కటే తినడం మొదలుపెట్టింది. నూకరత్నం లోపల మంచినీళ్ళు తాగుతూ గుమ్మంలోంచి చూసింది.

"జోషీ, మేక!" అంది. పిల్ల తిరగలేదు.

"జోషితా!" అంది. తిరగలేదు.

"ఒసేయ్, నిన్నేనే!" అని కేక పెట్టింది. అయినా తిరగలేదు. మేక పూలు ముగించి రిబ్బను అందుకుంది. దాని మూతి ఫోనుకి అడ్డమొస్తే పిల్ల చేత్తో పక్కకి నెట్టింది. అంతే.

నవ్వకు. నూకరత్నానికి నవ్వు రాలేదు. చెంబు దించి మేకని తోలేసింది. పిలిస్తే పలకని పిల్ల రేపు వీధిలో ఆటోకి అడ్డంగా నిలబడితే ఎలా పిలవడం? కొంపదీసి దీనికి వినపడదా? ఆ రోజునించీ ఆవిడకి ఒకటే కోరిక. పిలిస్తే పిల్ల ఇటు తిరగాలి.

అప్పుడు పిల్లని ఎత్తుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయింది. డాక్టరమ్మ పిల్ల వెనక్కి వెళ్ళి బిస్కెట్ పొట్లం గలగలలాడించింది. జోషిత గిర్రున తిరిగింది.

"చెవులు భేషుగ్గా ఉన్నాయి. ఫోనే తగ్గించాలి. రోజుకి గంట దాటనివ్వకు. అన్నం దగ్గర అసలొద్దు," అంది డాక్టరమ్మ.

"గంటయ్యాక ఏడిస్తేనండీ?"

"ఏడవనీ."

ఆ తర్వాత అంగన్‌వాడీ టీచరు సుగుణ దగ్గరికి పోయింది. "గంటా? ఒక్క నిమిషం కూడా ఇవ్వకూడదు రత్నం! పిల్లల బుర్రలు పాడైపోతాయి," అంది సుగుణ. అంటూనే పిల్లలందర్నీ వరసలో నిలబెట్టి, తలా ఒక గుడ్డు చేతికిచ్చి, ఫోను పైకెత్తింది. "గుడ్లు పైకి పట్టుకోండి నాన్నా, ఫోటోలో కనపడాలి. ఇటు, ఫోనుకేసి చూడండి!"

నూకరత్నం కూడా ఫోనుకేసే చూసి, ఇంటికొచ్చింది.

ఆ తర్వాత అత్తగారిని అడిగింది. "నీ మొగుడికి ముద్ద పెట్టాలంటే రైలు చూపించేదాన్ని," అంది అప్పలనర్సమ్మ. "గేటు దగ్గరికి ఎత్తుకుపోతే, రైలొస్తేనే నోరు తెరిచేవోడు. రైలు లేటైతే కూడు లేటు. అయితే ఏటైపోనాడు? ఆటో తోలుకుంటన్నాడు కాదా? మన జోషి గుంటకి ఇచ్చీయే ఆ ఫోను."

ఒకావిడ గంట అంది. ఒకావిడ అసలొద్దంది. ఒకావిడ ఇచ్చెయ్యమంది. ముగ్గురూ మంచివాళ్ళే. ముగ్గురూ పిల్లల్ని చూసినవాళ్ళే. చిక్కంతా అక్కడే వచ్చింది. ఒక్కరు చెడ్డవాళ్ళయినా ఒక మాట తీసిపారెయ్యొచ్చు.

"నువ్వేమంటావు మావా?" అని మొగుణ్ణి అడిగింది.

"నువ్వెలాగంటే అలాగే," అన్నాడు పైడిరాజు, తన కొత్త ఫోనులోంచి తల ఎత్తకుండా.

అప్పుడు నూకరత్నం ముందు టీచరు మాట పట్టుకుంది. ఫోను బియ్యం డబ్బాలో దాచింది. జోషిత పొద్దున్నించి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అలిసి, కత్తెర కనపడితే తీసుకుని, పెళ్ళివారి జడకి కట్టిపెట్టిన దండని ముక్కలు ముక్కలు చేసింది. పెళ్ళివారి మనిషి వీధిలో నిలబడి కేకలేస్తుంటే నూకరత్నం మళ్ళీ మొదట్నించి కట్టింది. సాయంత్రానికి అప్పలనర్సమ్మే బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఫోను తీసిచ్చింది. "ఈ ఏడుపు కన్నా ఆ పాటలే నయం," అంది.

మర్నాడు డాక్టరమ్మ మాట పట్టుకుంది. సరే, గంట. కానీ గంటయిందని తెలిసేదెలా? గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయింది. ఆ ఇంట్లో టైము చూసుకునేది పాత ఫోనులోనే. అదేమో పిల్ల చేతిలో ఉంది. టైము చూద్దామని తీసుకుంటే పిల్ల గుక్కపట్టేది. ఊరుకోబెడదామని మళ్ళీ ఇచ్చేది. మరి ఏడ్చిన పది నిమిషాలూ గంటలో కలపాలా, తీసెయ్యాలా? నూకరత్నానికి తెలియలేదు. అడుగుదామంటే డాక్టరమ్మ దగ్గర చాంతాడంత వరస.

అప్పుడు ఆవిడకి తనకి తెలిసిన కొలతే గుర్తొచ్చింది. మూర. మోచేతి నుంచి నడిమివేలి కొసదాకా ఒక మూర. ఇన్నేళ్ళుగా కడుతున్న చెయ్యి, మూర దండకి ఎంతసేపు పడుతుందో దానికి తెలియదా?

"ఇదిగో జోషీ, నేను నాలుగు మూరలు కట్టేదాకా ఫోను నీది. నాలుగూ అయ్యాక గూట్లో పెట్టెయ్యాలి," అంది.

జోషిత సరేనంది. ఏమిటో తెలిసి కాదు, ఫోను చేతిలో ఉంది కాబట్టి.

రెండురోజులు బాగానే నడిచింది. మూడోరోజు నుంచి నూకరత్నం చేతికి ఏదో పట్టుకుంది. ఫోను తొందరగా లాక్కోవాలని మనసులో ఉంటే వేళ్ళు వాటంతటవే పరిగెత్తేవి. పూలు ఎడంఎడంగా పడేవి. రోజూ పూలు కొనే లెక్కల టీచరు శకుంతలగారు దండ పైకెత్తి చూసింది.

"రత్నం, మూరైతే ఉంది. పూలేవమ్మా? తల్లో దారం పెట్టుకెళ్ళనా?"

నూకరత్నం సిగ్గుపడి ఆ మర్నాడు ఒత్తుగా కట్టింది. మరీ ఒత్తుగా కట్టింది. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆవిడకి తలనొప్పి, పిల్ల కాసేపు కదలకుండా ఉంటే బాగుండుననిపించింది. నాలుగు మూరలయ్యేసరికి ఎండ అరుగెక్కింది. తలనొప్పి తగ్గింది గానీ, నేను చేసింది మంచా చెడా అని కొత్త నొప్పి ఒకటి పట్టుకుంది.

పిల్ల మాత్రం అన్నీ గమనించేది. నానమ్మ కడితే మూర తెమలదు, మోకాళ్ళతోపాటు వేళ్ళు కూడా పట్టేశాయి మరి. నాన్న కొలిస్తే మూర పొడుగు, ఆయన చెయ్యి బారెడు. వారం తిరక్కుండానే జోషిత అరుగు మీద బాసింపట్టు వేసుకుని చెప్పేసింది.

"నానమ్మ కట్టాలి. నాన్న కొలవాలి."

అప్పుడు ఆ ఇంట్లో పెద్ద గొడవైంది. మధ్యాహ్నం అన్నానికొచ్చిన పైడిరాజు చెయ్యి చాపి దండ కొలిచాడు. "ఇంకా మూడే అయ్యాయి, ఉండనీ," అన్నాడు.

"మూడేంటి మావా, ఎప్పుడో నాలుగు దాటాయి. నీ చేత్తో కొలిచి అమ్మితే ఈపాటికి కొట్టు మూసుకునేవాళ్ళం," అంది నూకరత్నం.

"మూరంటే మూరే కదే!"

"ఎవరి మూర?"

"మీ ఇద్దరివీ కాదు," అంది అప్పలనర్సమ్మ. "ఈ ఈదిలో పూలబుట్ట ముందు దింపింది నేను. నా మూరే మూర." అని తనూ చెయ్యి చాపింది.

ముగ్గురూ అరుగు మీద చేతులు బారచాపుకుని, మోచెయ్యికి మోచెయ్యి ఆనించి పోట్లాడుకుంటున్నారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. చేతులు మూడు, మూరలు మూడు, మాటలు మూడు. నూకరత్నానికి ఏడుపొచ్చినంత పనైంది. ఏది సరో చెప్పే మనిషి ఒక్కరూ కనపడరే!

ఆ తర్వాత ఏమైందో విను. నాలుగో చెయ్యి ఒకటి వచ్చి మధ్యలో పడింది. బుల్లి చెయ్యి. ఫోను పాడుతూనే ఉంది, కింద పడేసి వచ్చేసింది జోషిత. మోచెయ్యి దండ మొదట్లో ఆనించి, నడిమివేలు చాపి, "ఇది నా మూర," అంది.

పెద్దవాళ్ళు ముగ్గురూ చేతులు దించేశారు. ఆ మూర చూస్తే నూకరత్నం మూరలో సగం ఉంటుందేమో.

"పోనీలే, ఫోను దానిది, చెయ్యీ దానిదే," అంది నూకరత్నం, ఇంక పోట్లాడే ఓపిక లేక. "ఇవాళ్టినించి నీ మూరతోనే నాలుగు. నువ్వే కొలుచుకో."

"మరి పూలు లేని రోజునో?" అన్నాడు పైడిరాజు.

"పూలు లేని రోజు ఫోనూ లేదు."

"మా అమ్మ కడితేనో?"

"ఏమో మావా! అన్నీ నన్నే అడుగుతావేం? నాకేం తెలుసు?"

అప్పుడు జోషిత తండ్రి జేబుకేసి వేలు చూపించింది. "నాన్న ఫోనుకి?"

పైడిరాజు గతుక్కుమన్నాడు. "నాకు ఆటో బేరాలు ఇందులోనే వస్తాయి తల్లీ."

"బేరాలకి సరే," అంది అప్పలనర్సమ్మ. "అన్నం కంచం ముందు చూసుకుంటూ నవ్వుతావే, ఆ బొమ్మలకి మాత్రం గుంట మూరే." పైడిరాజు చేతులు చూసుకున్నాడు. అంత పొడుగు చేతులుండీ ఏం లాభం లేకపోయింది.

ఆ తర్వాత చిత్రమొకటి జరిగింది. కొలిచే పని తనదయ్యేసరికి జోషితకి ఫోను మీద కుదురు పోయింది. ఒక పాట వినేది, ఫోను కింద పెట్టేది, వచ్చి చెయ్యి ఆనించేది. "అయిందా?" "ఇంకా లేదు." మళ్ళీ ఒక పాట. మళ్ళీ "అయిందా?" ఒకటి, రెండు, మూడు, నాలుగు. లెక్క వచ్చేసింది. ఒక్కోరోజు నాలుగూ అయ్యాక ఏడ్చేది కూడా. ఏడవదని నేను అబద్ధం చెప్పను. ఏడ్చేది, కాసేపటికి మానేసేది, దారం ఉండ దొర్లించుకుంటూ పోయేది.

ఒకనాడు నూకరత్నం లోపల పొయ్యి దగ్గరుంది. జోషిత అరుగు మీద ఫోను చూస్తోంది. ఇంకా రెండో మూరే. అమ్మకానికి ముందే కట్టిపెట్టిన దండలు చాటలో ఉన్నాయి. ఎదురింటి మేక మళ్ళీ వచ్చింది. నూకరత్నం గుమ్మంలోంచి చూసింది. గరిట పట్టుకునే పిలిచింది.

"జోషీ!"

"ఆఁ," అంది పిల్ల. ఇటు తిరిగింది.

నూకరత్నం ఎందుకు పిలిచిందో మరిచిపోయింది. "ఏంటమ్మా?" అంది పిల్ల. "ఏం లేదు," అంది తల్లి. మళ్ళీ చూడాలనిపించి "జోషీ!" అని మళ్ళీ పిలిచింది. మళ్ళీ తిరిగింది. మూడోసారి పిలిచేసరికి "అబ్బా, ఏంటమ్మా!" అని విసుక్కుంది. ఆ విసుగు కూడా ఆవిడ చెవికి ఇంపుగానే ఉంది.

ఈలోగా మేక మూడు మూరల మల్లెపూలు తినేసి, తీరిగ్గా వెళ్ళిపోయింది.

పిల్ల ఎందుకు తిరిగింది? మూర వల్లా? ఫోను తగ్గినందుకా? వయసొచ్చిందా? నూకరత్నానికి ఎంత ఆలోచించినా తేలలేదు. డాక్టరమ్మ "చూశావా, నేను చెప్పాగా" అంది. సుగుణ టీచరు కూడా అదే మాట అంది. అప్పలనర్సమ్మ అయితే వీధంతా చెప్పుకుంది, అంతా తన మూలానే అని.

ఆ రాత్రి అన్నాలయ్యాక పైడిరాజు నిద్రపోతున్న పిల్ల చెయ్యి చూసి ఉలిక్కిపడ్డాడు.

"రత్నం, ఈ చెయ్యి పెరుగుతుంది కదే! చెయ్యి పెరిగితే మూర పెరుగుతుంది. మూర పెరిగితే ఫోను పెరుగుతుంది. అప్పుడెలా?"

నూకరత్నం ఈసారి మాత్రం ఎవరినీ అడగలేదు.

"పెరగనీ మావా. దాంతోపాటు తలా పెరుగుతుందిగా," అంది. అని పిల్ల చెయ్యి దుప్పట్లో పెట్టింది.

మూరెడు పూలు జడలోకి,
మేక పోయె దొడ్లోకి,
ఫోను చేరె గూట్లోకి,
కథ కదిలింది కంచిలోకి,
నువ్వూ నేనూ నిద్దట్లోకి.