ఎడమకాలి కొండ

అనగనగా ఒక ఊరు. ఊరు నిండా ఇళ్ళే, ఒక్క మనిషీ లేడు! ఆ ఊరెక్కడుందో తెలుసా తల్లీ? నిటారుగా ఉన్న ఎర్ర కొండకి నడిమధ్య, పిచ్చుక గూడులా అతుక్కుని ఉంది. ఎప్పుడో దూరదేశంలో ప్యూబ్లో అనే జనం రాయీ మట్టీ పేర్చి కట్టుకున్న ఊరది.

ఆ జనం మనవరాలే మన పోవి. అవ్వతో, నాన్నతో, అన్న తాన్‌తో కలిసి ఆ పాడుబడ్డ ఊరు చూడ్డానికి మొదటిసారి వచ్చింది. కాలు ఒక్కచోట నిలవట్లేదు, ఒకటే గంతులు!

వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. మొదటిసారి వచ్చిన పిల్ల నిచ్చెనెక్కకూడదు. పెద్దలు రాతిలో తొలిచిన గుంటల్లో కాళ్ళు పెట్టి ఎక్కాలి. పాత గడప మీద చిటికెడు మొక్కజొన్న పిండి చల్లాలి. మూడుసార్లలో ఎక్కలేకపోతే మళ్ళీ వచ్చే ఏడాదే!

అప్పుడు నాన్న నిచ్చెన మీద పైకెళ్ళి తాడు వదిలాడు. అవ్వ దాన్ని పోవి నడుముకి కట్టి, జేబులో పిండి పోసింది. పోవి కుడికాలు ముందు పెట్టి చకచకా ఎక్కింది. సగం దూరం పోయేసరికి, తర్వాతి గుంట ఎక్కడో ఎడమపక్కన ఉంది. ఎడమకాలి మీదేమో తను నిలబడి ఉంది. కుడికాలు అంత దూరం అందదు!

"బల్లిలా అతుక్కుపోయావేంటే!" అని తాన్ పకపకా నవ్వాడు.

"నువ్వైతే అక్కడే ఏడ్చావట, అవ్వ చెప్పిందిలే!" అంటూ పోవి దిగొచ్చింది.

రెండోసారి ఇంకా జోరుగా ఎక్కింది. మళ్ళీ అక్కడే ఆగింది. పిండి సగం ఒలికిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక మిగిలింది ఒక్కసారే.

అప్పుడు పోవి దిగొచ్చి, కింద నిలబడి ఆ దూరపు గుంటనే చూసింది. "దాన్లో ఎడమకాలు పడాలి. అంటే దాని కింద కుడి. దాని కింద ఎడమ, కుడి, ఎడమ..." అనుకుంటూ వేలితో ఒక్కో గుంటా దిగొచ్చింది. నేల దగ్గరి గుంటకి ఏ కాలొచ్చింది తల్లీ?

ఆఁ, ఎడమకాలే!

ఎడమకాలు ముందు పెట్టింది. సగం దూరం పోయాక ఎడమకాలు చాపింది. టక్కున అందింది! రొప్పుకుంటూ గడప చేరింది. గోడ మట్టిలో బుల్లి చెయ్యి అచ్చు ఒకటి ఉంది, సరిగ్గా తన చెయ్యంతే. పోవి మిగిలిన పిండి చల్లి, "నేనొచ్చాను" అంది.

అవ్వ నిచ్చెనెక్కి వచ్చి పోవిని ముద్దాడింది. "పరాయివాళ్ళు చొరబడకుండా మన పెద్దలు అలా తొలిచారే! నువ్వు చుట్టానివి కాదు, ఈ ఇంటి పిల్లవి."

అప్పుడు పోవి తాన్ని ఆటపట్టిస్తూ కిందికి కేకేసింది. "అన్నా, రా రా! మా ఇంటికి రా!"

చూశావా, ఆ ఊళ్ళో మళ్ళీ మనుషులొచ్చారు!

కథ పోయె కంచికి, పాప పోయె మంచానికి,
ఎడమకాలు దుప్పట్లోకి, రెండు కళ్ళు నిద్దట్లోకి!